నలుపు ఎంత నలుపో

పాత ఫోటోలు బాగుచేసే అన్నయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ సంగతి వీధంతటికీ తెలుసు. కానీ ఆ ఉదయం ముసలావిడ ఫోటో వెనక్కి తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం కిమ్మనలేదు. పోయిన భర్త నల్లకోటు వేసుకున్న ఫోటో. కోటు మీద అరచేయంత మరక అలాగే ఉంది.

"మరక తీసేశానన్నావు కదా బాబూ," అని ఆవిడ మెత్తగానే అడిగింది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవిడ గుమ్మం దాటిందో లేదో, మానిటర్ మీద విరుచుకుపడ్డాడు. "ఇదీ, ఈ దరిద్రపుదీ! నలుపు చూపించడం మానేసింది. కోటంతా ఒకటే ముద్దలా కనిపిస్తుంటే నేనేం చేసి చావను?"

పక్కన చెల్లెలు తల వంచుకుని ఫ్రేములు కడుతోంది. 'నువ్వొకసారి చూడవే' అంటే అయిపోయేది. అడిగే ధైర్యం అతనికి లేదు, చూసే ధైర్యం ఆమెకి లేదు. వాళ్ళ నాన్నకీ చూపు పోవడం ఇలాగే నల్లరంగుతోనే మొదలైంది మరి. ముందు మూలనున్న నల్ల గొడుగు కనిపించలేదు, చివరికి కూతురి మొహం కనిపించలేదు.

"కెమెరాతో కొలుద్దాం," అన్నాడు అన్నయ్య. కెమెరాకి ఎవరి మీదా జాలి ఉండదుగా!

పట్టపగలే కొట్టు తలుపులేసి, కిటికీలకి దుప్పట్లు కట్టారు. కెమెరాని స్టాండుకి బిగించి మానిటర్ ముందు నిలబెట్టారు.

"తెర మొత్తం తెల్లగా పెట్టి ఒకటి తియ్, నల్లగా పెట్టి ఇంకోటి తియ్," అని అన్నయ్య చెప్పాడు. "షట్టర్ ఎంతసేపు తెరవాలో కెమెరానే చూసుకుంటుంది. తెలుపుకన్నా నలుపుకి ఎన్ని రెట్లు ఎక్కువసేపు తెరిస్తే, కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ తేడా, అంత. కొన్నప్పుడు వెయ్యి ఉండేది."

తెల్లతెరకి టక్‌మంది. నల్లతెరకి టక్... టక్, అంతే, ఇట్టే మూసుకుంది. లెక్క చూస్తే నలభై రెట్లు కూడా లేదు.

"చూశావా, నేను చెప్పలా!" అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. చెల్లెలి జడ పట్టుకుని చిన్నప్పటిలా లాగాడు. "కొత్తది కొనేద్దాం. ఆగు, ముందు ఆ పెద్దావిడకి చెప్పేస్తాను." ఫోన్ తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు.

చెల్లెలికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. కెమెరా విప్పబోతూ దాని వెనకున్న చిన్న తెర చూసింది. ఐఎస్ఓ ఆటోలో ఉండిపోయింది. రెండు ఫోటోలకీ ఒకేలా ఉండాల్సిన, వెలుతురు పట్టుకునే ఆ సెన్సిటివిటీని, చీకటి కనబడగానే కెమెరా తనంతట తనే పెంచేసుకుంది. అందుకే షట్టర్ అంత తొందరగా మూసుకుంది. ఆ నలభై ఒట్టి అబద్ధం.

మెదలకుండా ఊరుకోవచ్చు. కానీ ఊరుకుంటే రేపు ఇంకో ఫోటో పాడవుతుంది, కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఈ మనిషి చచ్చినా వెళ్ళడు. ఆటో తీసేసి, అతను ఫోన్ మాట్లాడుతుండగానే మళ్ళీ నొక్కింది. తెలుపుకి టక్‌మంది.

"అమ్మా, నేనండీ, ఫోటోల కొట్టు నుంచి. తప్పు నాది కాదండీ, మా మానిటర్..."

నల్లతెరకి టక్‌మని షట్టర్ తెరుచుకుంది. మూసుకోలేదు. చిన్నప్పట్నుంచీ షట్టర్ చప్పుళ్ళ మధ్యే పెరిగినవాడు, అన్నయ్య మాట మధ్యలోనే ఆగిపోయాడు. మూసుకోవే తల్లీ, మూసుకో అని చెల్లెలు మనసులో దండం పెట్టుకుంది. అది తాపీగా, ఎంతసేపటికో, టక్‌మంది.

"మానిటర్ బాగానే ఉందమ్మా," అన్నాడు అన్నయ్య ఫోన్లో. "తప్పు నాదే. మీ ఫోటో మా చెల్లెలు చేసిస్తుంది."

"కెమెరా పాడైందేమో అన్నయ్యా," అని ఆమె నీళ్ళు నమిలింది.

"నీ మొహం. కెమెరా బంగారంలా ఉంది."

ఇన్నేళ్ళలో ఎవరినీ కూర్చోనివ్వని తన కుర్చీని వెనక్కి లాగి, "కూర్చోవే," అన్నాడు. ఆమె కూర్చుంది. అతను ఆ కోటు ఫోటోని మానిటర్ మీద తెరిచి పక్కన నిలబడ్డాడు.

"కనిపిస్తోందా మరక?"

చూడగానే కనిపించింది.

"కనిపిస్తోంది అన్నయ్యా," అని చెల్లెలు భోరుమంది.