స్వరూప ముఖం మీద రెండు చుక్కలు

నేను ఒక కుసుమ నూనె సీసాను. తాండూరు నల్లరేగడిలో పండిన గింజల్ని గానుగలో ఆడించి, బట్టతో వడకట్టి నాలో నింపారు. వంటింటికి పోతాననుకున్నాను. గానుగ నడిపే అనసూయమ్మ నన్ను తన అక్క కూతురు స్వరూప చేతిలో పెట్టింది.

“మొఖానికి రాసుకో బిడ్డా, మొటిమలు పోతయ్.”

స్వరూప బట్టల దుకాణంలో చీరలు పరిచి చూపించేది. మొటిమలు చీము పట్టి బుగ్గలు ఎర్రబడ్డాక యజమాని ఆమెను పైఅంతస్తు గోదాములోకి పంపేశాడు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి అద్దం మీద తువ్వాలు కప్పింది, అంతే. రోజూ నాలోని నూనెను అరచేతిలోకి ఒంపుకొని, గోడకు సున్నం కొట్టినట్టు ముఖమంతా పూసుకునేది. జిడ్డు పెరిగింది గానీ మొటిమలు తగ్గలేదు. మనుషులు నూనెను ముందు వైద్యుణ్ణి చేస్తారు, ఆ తర్వాత దొంగను చేస్తారు. తల్లి నన్ను పారేయమంది. స్వరూప పారేయలేదు, కానీ రాసుకోవడం మానేసింది.

చివరికి తల్లి పోరు పడలేక స్వరూప చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది. నన్ను బల్ల మీద పెట్టింది.

“ఇది నాకు పడుతదా మేడం?”

“కొబ్బరినూనె మూసేసినంతగా ఇది చర్మ రంధ్రాల్ని మూసెయ్యదు. కానీ మొటిమలకు మందు మాత్రం కాదమ్మా. నేనిచ్చే మందుకి చర్మం ఎండిపోతే, తడి ముఖం మీద రెండు చుక్కలు రాసుకో. ముందు దవడ కింద రాసి చూడు. మొటిమలు ఎక్కువైతే మానెయ్.”

దవడ కింద ఏమీ కాలేదు. మందుకి పొట్టు లేచిన బుగ్గల మీద నా చుక్కలు ఇంకిపోయేవి. ఆమె వేళ్లు కదిలేవి, కళ్లు గోడను చూసేవి. వానాకాలం వెళ్లేసరికి మచ్చలు మిగిలాయి, మొటిమలు చాలావరకు పోయాయి.

యజమాని కిందికి పిలిచాడు. ఆ సంగతి ఆమె తల్లికి చెబుతుంటే విన్నాను.

“రేపటి సంది కౌంటర్ల నిలబడుమన్నడు.”

“మంచిగైంది గదా! నువ్వేమన్నవ్?”

“మల్ల మొటిమలొస్తే మల్ల పైకి పంపుతరా సార్, అని అడిగిన.”

“ఏమన్నడు?”

“నవ్విండు.”

మర్నాడు స్వరూప ముఖం కడుక్కొని, నాలో మిగిలిన ఆఖరి చుక్కలు రాసుకొని, కౌంటర్‌కి కాక వేరే దుకాణంలో పని అడగడానికి బయలుదేరింది. పోతూ పోతూ నన్ను చెత్తబుట్టలో వేసింది. నాకు బాధ కలగలేదు. ఆమెకూ కలిగినట్టు లేదు.