చొక్కా కొస

మా వేట గుడిసె గోడకి నలభై ఒక్క గుడ్డముక్కలు మేకులతో కొట్టి ఉండేవి. గళ్ళవి, చారలవి, ఒకటి మాత్రం పెళ్ళికి కుట్టించుకున్న తెల్లచొక్కాది. జింక మీద తుపాకీ పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక కొస ఆ సాయంత్రమే కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి కొట్టేవాళ్ళం. తాతల కాలంనుంచీ ఉన్న ఆచారం. మా చుట్టుపక్కల గుడిసెలన్నిటిలోనూ ఉంది. నాన్న పోయాక కత్తెర నా చేతికొచ్చింది. భోజనానికి ముందు ప్రార్థన చెప్పడం, భోజనం తర్వాత కత్తెర పట్టడం, రెండూ నా పనే. ఆ రెండూ ఒకే చేత్తో చెయ్యొచ్చా అని నాకెప్పుడూ సందేహం రాలేదు.

మా అన్నయ్య ఆర్నో చనిపోయిన రోజు సంగతి చెప్పాలని కూర్చున్నాను. ముందు ఈ గోడ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

గుడిసెలో మేం నలుగురం. నేను, అన్నయ్య, మా ఆవిడ లెయోనా తమ్ముడు డెల్మార్, పాల లారీ నడిపే రోలీ. వంట రోలీది, నోరూ రోలీదే. డెల్మార్ చీజు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నెమ్మదైనవాడు, చేతిలో ఏ పనిముట్టు పెట్టినా చక్కగా వాడతాడు, తుపాకీ తప్ప. జింక కనబడగానే వాడికి గుండె దడదడలాడి చేతులు వణుకుతాయి. గోడమీద వాడివి మూడు ముక్కలున్నాయి. అందులో రెండు అన్నయ్య పోవడానికి ముందు ఏడాదివే, ఒకే వారంలో పోయినవి.

ఆ రెండోది నాకు బాగా గుర్తు. వాళ్ళావిడ కొనిపెట్టిన కొత్త ఉన్నిచొక్కా. దాన్ని వదిలెయ్యమని, కావాలంటే పాత చొక్కా ఇస్తానని డెల్మార్ మెల్లగా అడిగాడు. గురి తప్పినప్పుడు ఒంటిమీద ఏదుంటే అదే అన్నాను. "మీ అక్కకి చెప్పి వెనక కొసలేని చొక్కాలు కుట్టించుకోరా, గుడ్డయినా కలిసొస్తుంది" అన్నాడు రోలీ. ఇంకా పైకి, ఇంకా పైకి అని వాడు అరుస్తుంటే నేను దాదాపు నడుందాకా కత్తిరించాను. అన్నయ్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. డెల్మార్ కూడా నవ్వాడు. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్నా ముందు ఆపేశాడు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

మా విస్కాన్సిన్‌లో తుపాకీ వేట తొమ్మిది రోజులే. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం తెల్లవారగానే మొదలవుతుంది. ఆ ఏడు కూడా శుక్రవారం సాయంత్రం, చిక్కుళ్ళూ పందిమాంసమూ తిన్నాక, ఎప్పటిలాగే నాలుగు మాటలు చెప్పాను. తెలిసినవాళ్ళకే చెప్పడం, అయినా చెప్పడం మా ఇంటి పద్ధతి. గాలి ముఖానికి కొట్టేలా కూర్చోండి. పొయ్యి దగ్గర వేసుకున్న బట్టలతో అడవిలోకి వెళ్ళకండి, జింక కంటికన్నా ముక్కు గొప్పది. పది గంటలదాకా మంచె దిగకండి. పరుగెత్తే జింకని పోనివ్వండి, పొదల్లో దాని వెనక ఏముందో మీకు తెలియదు. తగిలిందనిపిస్తే వెంటనే వెంటపడకండి, అరగంట కూర్చోండి. నెత్తురు నురగగా ఉంటే దగ్గర్లోనే పడుంటుంది. నల్లగా ఉంటే ఇంకా ఆగండి. పచ్చగా పసరు కనిపిస్తే సాయంత్రందాకా ఆగండి, లేకపోతే అది మైళ్ళు పోయి ఎక్కడో చస్తుంది, ఎవరికీ దక్కదు.

చివరి మాట నాన్న చెప్పినట్టే చెప్పేవాణ్ణి. పేల్చిన ప్రతి గుండూ తగిలిందనే అనుకోండి. అది పోయిన దారంతా నడిచి చూసొచ్చేదాకా తప్పిందని అనొద్దు. ఆ మాట చెబుతున్నప్పుడు నా వీపు వెనకే ఆ గోడ ఉంది.

శనివారం తెల్లవారేసరికి ఎవరి మంచె మీద వాళ్ళున్నాం. అన్నయ్యది ఉత్తరపు గట్టుమీద, డెల్మార్‌ది సీడర్ చెట్ల బురదనేల అంచున, నాదీ రోలీదీ దక్షిణాన. మొదటి రోజు కదా, అడవి నిండా ఎక్కడెక్కడి తుపాకులో మోగుతూనే ఉన్నాయి. ఏడున్నరకి ఉత్తరం వైపునుంచి ఒకటి వినిపించింది. అది అన్నయ్యదని చప్పుణ్ణిబట్టి పోల్చుకున్నాను. కాసేపటికి మంచు పడడం మొదలైంది. ఎనిమిది దాటాక బురదనేల వైపునుంచి ఇంకొకటి. డెల్మార్ అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది. కత్తెర గుర్తొచ్చింది.

ఆ ఎనిమిది దాటాక ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మీకు వరసలో చెబుతాను. అన్నయ్య కొట్టిన జింకకి గుండు పొట్టలో తగిలింది. ఆగాలని ఆయనకి తెలుసు. కానీ మంచు నెత్తుటి చుక్కల్ని కప్పేస్తోంది. ఇంకాసేపు ఆగితే జాడే ఉండదు. అందుకని దిగి, గట్టునుంచి కిందికి, బురదనేలలోకి, డెల్మార్ ఉన్న వైపుకి దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఎక్కడో నెమ్మదిగా చస్తూ పడున్న జంతువుని వదిలెయ్యలేకే దిగాడని నేను నమ్ముతాను. డెల్మార్ వెనకనుంచి ఇంకో జింక దూసుకొచ్చింది. వాడు గిర్రున తిరిగి, పరుగెత్తేదాన్ని కాల్చాడు. గురి తప్పింది. దిగి, జింక ఉన్నచోటు చూశాడు. వెంట్రుక లేదు, నెత్తురు లేదు. అక్కడే ఆగిపోయాడు. గుండు పోయిన దారిన ముందుకి నడవలేదు. మూడు వందల అడుగుల అవతల, చిన్న సీడర్ మొక్కల గుంపు వెనక, నారింజరంగు కోటు తొడుక్కుని అన్నయ్య ఉన్నాడు. గుండు తొడలోంచి పోయింది.

పిలిచాడో లేదో మాకు తెలియదు. పిలిచి ఉంటే, డెల్మార్ మంచెకి వీపు వైపునుంచి లేచిన ఆ కేకని గాలి అవతలికి మోసుకుపోయింది. గాలి ముఖానికి కొట్టేలా కూర్చోమన్నది నేనే కదా.

పదింటికి కాఫీకి గుడిసెకి చేరాం. డెల్మార్ మాకన్నా ముందే వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. రోలీ కప్పులు దించుతూ, మేకుకి వేలాడుతున్న కత్తెరవైపు చూసి, "ఎనిమిదింటి చప్పుడు నీదేనా నాయనా?" అన్నాడు.

"నాది కాదు. బురదకి అవతలి గుడిసె వాళ్ళది" అన్నాడు డెల్మార్.

నేను వాడి మొహం చూశాను. అబద్ధమని తెలిసిపోయింది. ఒప్పుకునేదాకా సాయంత్రం ఆటపట్టిద్దాంలే అనుకుని ఊరుకున్నాను. బయట వాడి తుపాకీ గొట్టం వాసన చూస్తే తేలిపోయేది. ఆ సరదా భోజనానికి దాచుకున్నాను. ఒక్క మాట మీద అన్నయ్య ప్రాణం నిలబడి ఉందని నాకేం తెలుసు? ఆ మాట డెల్మార్ దగ్గరుంది. దాన్ని బయటికి రానివ్వని కత్తెర నా దగ్గరుంది.

అన్నయ్య రాలేదు. జింకని కొట్టాడు కదా, పొట్ట చీల్చి శుభ్రం చేస్తూ ఉంటాడనుకున్నాం. రెండో కప్పు కూడా తాగాం. పదకొండున్నరకి నాకు మనసు ఆగలేదు. ముగ్గురం ఆయన మంచె దగ్గరికి వెళ్ళాం. కాఫీ ఫ్లాస్కు కొమ్మకి వేలాడుతూ ఉంది, మూత తియ్యలేదు. అడుగుల జాడ గట్టు దిగేదాకా లీలగా ఉంది, ఆ కింద కొత్త మంచు. దెబ్బ తిన్న జింక నీళ్ళకి పోతుంది, అన్నయ్య ఏటి వైపే వెళ్ళుంటాడన్నాను. నలభై ఏళ్ళ అనుభవంతో అన్నాను. తప్పు.

బురదనేల వైపు ఎవరైనా కనిపించారా అని డెల్మార్‌ని అడిగాను. లేదన్నాడు. అది నిజమే. వాడికి ఎవరూ కనిపించలేదు.

ఏటి గట్టు వెంట రెండున్నరదాకా అరుచుకుంటూ తిరిగాం. పిలిచి ఆగడం, వినడం, మళ్ళీ పిలవడం. అప్పుడు డెల్మార్ నా ముందుకొచ్చి నిలబడి చేతితొడుగు తీశాడు. వాడి అరచేతిలో ఖాళీ ఇత్తడి తూటా ఉంది. పొద్దుటినుంచీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"బావా, ఆ ఎనిమిదింటిది నాదే. బురదనేలలో బీవర్లు కట్టిన పాత కట్ట వైపు కొట్టాను. పరుగెత్తేదాన్ని."

రోలీ అప్పటికే బురదనేల వైపు నడక మొదలుపెట్టాడు.

మూడున్నరకి అన్నయ్య దొరికాడు. సీడర్ మొదలుకి ఆనుకుని కూర్చున్నాడు. నడుం బెల్టు తీసి తొడకి తానే బిగించుకున్నాడు. టోపీ తీసి, చెయ్యి అందినంత ఎత్తున కొమ్మకి తగిలించాడు, ఎవరికైనా కనబడుతుందని. తుపాకీ పక్కన బురదగుంటలో పడి, పైన మంచు పేరుకుంది. కాళ్ళు కర్రల్లా అయిపోయాయి. నేను కోటు గుండీలు విప్పి చంక కింద చెయ్యి పెట్టాను. అక్కడ ఇంకా వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం దాటేదాకా ప్రాణంతోనే ఉండి ఉంటాడని డాక్టరు చెప్పాడు. చంపింది నెత్తురు పోవడం ఒక్కటే కాదు, చలి కూడా. గుడిసెనుంచి ఆ చెట్టుకి ఇరవై నిమిషాల నడక.

అంత్యక్రియల్లో పాస్టరుగారు దేవుడి చిత్తం అన్నారు. ఆయన మంచివాడు, మా పిల్లలకి బాప్తిస్మం ఇచ్చినవాడు. గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ రోజు జరిగిన ప్రతి పనీ మా నలుగురిలో ఎవరో ఒకరు చేసిందే. ఒకరు మంచె దిగారు, ఒకరు పరుగెత్తేదాన్ని కాల్చారు, ఒకరు ఎగతాళి చేశారు, ఒకరు కత్తెర పట్టారు. ఇందులో దేవుడు చేసిందేమిటో నాకు కనపడలేదు. ఆయన చిత్తం మీదికి మా పని తోసేస్తున్నామేమో. ప్రార్థన మానలేదు. అడగడమూ మానలేదు.

సమాధి దగ్గరనుంచి వచ్చి అందరూ తిని వెళ్ళాక వదిన వెర్నా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నేను తుడుస్తున్నాను.

"పదింటికి మీరంతా ఏం చేస్తున్నారు, నార్బర్ట్?" అంది, నావైపు తిరక్కుండా.

"కాఫీ తాగుతున్నాం వదినా."

"డెల్మార్ కూడానా?"

"ఆఁ."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు వాడు?"

భయపడ్డాడని చెప్పాను. మనిషికి తగిలిందని తెలిసిందా అని అడిగింది. లేదు, జింక తప్పిందనే అనుకున్నాడన్నాను. ఆమె కుళాయి కట్టేసింది.

"జింక తప్పితే భయమెందుకయ్యా? ఎవరికి భయం?"

రోలీ పేరు చెప్పొచ్చు. ఆచారం అనొచ్చు. ఆ రెండూ నోటిదాకా వచ్చాయి.

"నాకు, వదినా" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. నా చేతిలోని పళ్ళెం తీసుకుని, అప్పటికే పొడిగా ఉన్నదాన్ని మళ్ళీ తుడిచింది. ఆ గోడమీద ఆర్నోవి కూడా ఉన్నాయి కదా అని అడిగింది. రెండున్నాయన్నాను. తెచ్చి ఇమ్మంది.

డిసెంబర్లో ఒక్కణ్ణే వెళ్ళాను. మేకులు పీకడానికి సుత్తి పట్టుకెళ్ళాను. అన్నయ్యవి రెండూ తీశాను. ఒకటి ఆయనకి ఇరవై నాలుగేళ్ళప్పటిది, మీద నాన్న చేతిరాత. తర్వాత డెల్మార్‌వి మూడూ తీశాను. ఉన్నిచొక్కాది జానెడు పొడుగుంది. అంత పైకి కత్తిరించానా అనుకున్నాను. కత్తెర కూడా జేబులో వేసుకున్నాను, దార్లో ఏట్లో పారేద్దామని. ఏరు గడ్డకట్టి ఉంది. పారేస్తే మంచుమీద అందరికీ కనబడేలా పడుంటుంది. ఇంటికే తెచ్చాను.

వెర్నా వంటింటి గుమ్మంలో రెండు ముక్కలూ తీసుకుని చెంచాల సొరుగులో పెట్టింది. లోపలికి రమ్మంది కానీ నేను వెళ్ళలేదు.

డెల్మార్ అంతా ఒప్పుకున్నాడు. జడ్జి ఆరు నెలలు కౌంటీ జైలు వేశాడు, ఇక జన్మలో తుపాకీ ముట్టకూడదన్నాడు. వసంతంలో ఒక ఆదివారం చర్చినుంచి నేరుగా చూడ్డానికి వెళ్ళాను. బల్లకి అటు వాడు, ఇటు నేను. లెయోనా పంపిన రొట్టె ఇచ్చాను. జేబులోంచి మూడు ముక్కలూ తీసి వాడి ముందు పెట్టాను. తప్పు నాది కూడా అని చెప్పాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. పెట్టాక ఒక్కటీ గుర్తురాలేదు.

డెల్మార్ ఆ ముక్కలకేసి చూశాడు. వేలితో వాటిని ఒకదాని పక్కన ఒకటి సర్దాడు. తర్వాత మెల్లగా నావైపు తోశాడు.

"తీసుకెళ్ళి మళ్ళీ గోడకే కొట్టు బావా" అన్నాడు. "లెక్కకి ఒకటి తక్కువుంది, ఆ ఎనిమిదింటిది."