గడప మీద మంచం

పోశయ్య మూడో చొక్కా మడత పెడుతున్నాడు. ఇస్త్రీ పెట్టె ఎత్తినప్పుడల్లా ఆయాసం ముంచుకొస్తోంది. అయినా కాలరు మీద చిన్న ముడత కూడా ఉండనివ్వడే! కాశిబుగ్గలోని ఆ గల్లీలో పంతొమ్మిదేళ్లుగా అదే బండి, దాని వెనక అదే రేకుల గది.

గల్లీయే మారిపోయింది. మగ్గాలాడిన పెంకుటిళ్లు కూలి మేడలు లేచాయి. పోశయ్య ఉండే జాగాను కిందటేడు రమ్య కొన్నది. మనిషి మంచిదే. కానీ పెద్ద దవాఖానలో పోశయ్యను "ఇంటికి తీస్కపోండి" అన్నారని తెలిసిన రోజే వచ్చి నిలబడింది.

"ఏమనుకోకు పెద్దయ్యా. ఇంట్ల ఏమన్నయితే ఆర్నెల్లు తాళమేసి పాడువెట్టాలంటరు. వేరే రూం సూస్కోండ్రి."

పోశయ్య పెళ్లాం సమ్మమ్మ గది కోసం పది రోజులు తిరిగింది. దగ్గుతూ వచ్చే మనిషికి గది ఎవరిస్తారు? చావంటే పోశయ్యకు భయం లేదు. తన పాణం ఆ గదిలో పోతే పెళ్లాం గిన్నెలతో సహా రోడ్డున పడుతుందని, అదొక్కటే బెంగ.

మధ్యాహ్నం బండి మీద గుడ్డ కప్పి లోపలికి వచ్చి కూలబడ్డాడు.

"మంచం బయటెయ్యే. లోపల గాలాడుతలేదు."

సమ్మమ్మకు అర్థమైంది. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇన్నేండ్లు కిరాయి కట్టలేదా? ఇంట్లనే పండు. ఎవలేమంటరో నేను జూస్త!"

"నేను పోతగని, నువ్వీడ ఉండాలె కదనే."

ఆమె వినిపించుకోలేదు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎదురు మేడకు వెళ్లింది. అప్పుడు పోశయ్య లేచి మంచాన్ని వాకిట్లోకి నెట్టాడు. మూడుసార్లు ఆగాడు. మంచపు ముందు కోళ్లు గడప దాటాయి. వెనక కోళ్లు దాటించే సత్తువ లేదు. తల బయటికి పెట్టి అలాగే పడుకున్నాడు.

సమ్మమ్మ తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె ఏడుపు విని గల్లీ మొత్తం పోగయింది.

"లోపల పోయినట్టా, బయట పోయినట్టా?" మేడ మీద కిరాయికుండే సోమక్క ఉండబట్టలేక అడిగేసింది.

అందరూ రమ్య ముఖం చూశారు. ఆమె గదిలోకి చాచి ఉన్న కాళ్లను చూసింది. సమ్మమ్మను చూసింది.

"తలకాయ బయటనే ఉన్నది గద. బయటనే పోయిండు," అని కొంగు దోపుకుని మంచానికి తానే ఒక చెయ్యి వేసింది.

మంచం ముందుకు జరిగింది. ఇంటివాళ్ల గడపకు గీతలు పడకుండా పోశయ్య నాలుగు మడతలేసి పరిచిన తువ్వాల అక్కడే ఉండిపోయింది.