మిషను చదవని మాట

నేను ఒక మాటను. కాగితం మీద ఉండేదాన్ని కాదు, గోడ మీద ఉండేదాన్నీ కాదు. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం నడుమ, రెండు ఏటవాలు గీతల వెనక నిలబడ్డ కామెంటును. ఆ రెండు గీతలూ మిషనుకు ఒక సైగ. 'ఇది నీ కోసం కాదు, దాటిపో' అని. మిషను బుద్ధిగా దాటిపోతుంది. నేను పుట్టింది మనుషుల కోసం. నా కింది వరస ఏం చేస్తుందో, ఎందుకలా చేస్తుందో వెనకాల వచ్చేవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. మనుషులు కూడా నన్ను దాటిపోతారని పుట్టినప్పుడు నాకు తెలియదు. వాళ్ళకు గీతల సైగ కూడా అక్కర్లేదు.

నన్ను రాసింది హైమావతి. కాకినాడలో మిల్లులకు కంట్రోల్ ప్యానెళ్ళు చేసిచ్చే ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. మండపేట పక్క ఊళ్ళో భాస్కరరెడ్డి గారి రైసు మిల్లులో తడి ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు కొత్తగా పెట్టారు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఆవిడది. ఇలాంటివి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసేసేవాళ్ళే ఎక్కువ. ఈవిడకు అలా కూర్చుంటే ఒక్క వరసా నడవదు. ఊక గుట్ట పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, జుట్టంతా దుమ్ము కొట్టుకుపోతుంటే రాసింది. టీ తెచ్చినవాళ్ళతో కబుర్లు కూడా అక్కడే.

డ్రయ్యరులోకి ధాన్యం ఎక్కించడానికి ఒక ఎలివేటరు ఉంటుంది. నిలువు గొట్టంలో బెల్టు, బెల్టుకు డబ్బాలు. అడుగున గుంటలో పడ్డ ధాన్యాన్ని ఆ డబ్బాలు తోడుకుని పైకి తీసుకుపోతాయి. ధాన్యం బాగా తడిగా ఉంటే ఆ గుంటలో ముద్దకట్టుకుపోతుంది. చేత్తో లాగితే తప్ప రాదు. ఆ పని నూకరాజుది.

హైమావతి చూస్తుండగానే కరెంటు పోయింది. మిల్లంతా చప్పబడింది. మిగతావాళ్ళు బీడీలు తీశారు. నూకరాజు మాత్రం గబగబా వెళ్ళి గుంట దగ్గర బోర్లా పడుకుని కుడి చెయ్యి భుజందాకా లోపలికి దూర్చేశాడు. ఆవిడ స్టూలు మీంచి దిగ్గున లేచింది.

"అయ్యో, మెయిన్ ఆపకుండా చెయ్యి పెడతారేంటండీ!"

"కరెంటే లేదు కదండి అమ్మాయిగారూ, ఇంకేం ఆపాలండి? అదే ఆగిపోయింది. నడిచేదాన్ని ఆపితే రెడ్డిగారు ఊరుకోరండి. పోయినప్పుడే మాకు సందు."

వేరే ఎవరైనా అయితే జాగ్రత్తల మీద ఒక ఉపన్యాసం ఇచ్చి, అందరి చేతా తల ఊపించి, ఊరికి పోయి ఉండేవాళ్ళు. హైమావతి మళ్ళీ స్టూలు మీద కూర్చుని ప్రోగ్రాంలో ఒక వరస రాసింది. కరెంటు పోతే అన్నీ ఆగాలి. తిరిగి వచ్చినా, ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కేదాకా ఏదీ కదలకూడదు. ఆ వరస నెత్తిన నన్ను రాసింది. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషే, కానీ నన్ను తెలుగులోనే రాసింది, ఫోనుల్లో మనవాళ్ళు రాసుకున్నట్టు ఇంగ్లీషు అక్షరాలతో. నేను మొత్తం ఇంతే: 'కరెంటు వచ్చినా దీనంతట ఇది తిరగకూడదు. ఆ టైములో నూకరాజు గారి చెయ్యి లోపల ఉంటుంది. ఇక్కడ చెయ్యి పెట్టొద్దు.'

నాతోపాటే నాకొక కవల పుట్టింది. మిల్లువాళ్ళ కోసం రాసిన మాన్యువల్. పెద్ద పుస్తకమేం కాదు. ఒక్క కాగితం, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, పైన ప్లాస్టిక్ పొర. బటన్ల పక్కన మేకుకు వేలాడదీశారు. 'కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. కరెంటు వచ్చాక పచ్చ బటన్ నొక్కితేనే మళ్ళీ తిరుగుతుంది' అని అందులో ఉండేది. నేను లోపల, అది బయట. చెప్పేది ఇద్దరం ఒకటే. హైమావతికి ఒక పట్టుదల ఉండేది. నన్ను ముట్టుకుంటే దాన్నీ ముట్టుకోవాలి, అదీ ఒకే పూట. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా కాగితం మళ్ళీ అచ్చు వేయించి, తనే బస్సెక్కి వచ్చి మేకుకు తగిలించి పోయేది. ఆఫీసులో నవ్వేవాళ్ళు. కవల పిల్లల్లో ఒకడికి అన్నం పెట్టి ఇంకొకణ్ణి పస్తుంచుతారా అనేది ఆవిడ.

ఆ మిల్లు పనివాళ్ళలో చదవడం వచ్చినవాడు నూకరాజు ఒక్కడే. అయిదో తరగతి. ఆ అయిదు తరగతులనే అతను ఎంత అపురూపంగా చూసుకునేవాడో! కాగితం కొత్తగా తగిలించినప్పుడల్లా అందర్నీ పిలిచి, రేడియోలో వార్తలు చదివినట్టు గొంతు సవరించుకుని చదివి వినిపించేవాడు. "పచ్చ బటన్ నొక్కితేనే" అన్నచోట ఆ 'నే' మీద వేలు పెట్టి ఆగేవాడు. "నొక్కితే కాదురా, నొక్కితే-నే! తేడా తెలుత్తందా?" అనేవాడు. అందరూ తెలిసిందనేవాళ్ళు. ల్యాప్‌టాప్ తెర మీంచి వింటూ నేను గర్వపడేదాన్ని.

హైమావతి పుణెలో వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆవిడ చోటులోకి వచ్చిన నిఖిలేష్‌ను కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. లోపల మార్చితే బయట కూడా మార్చు, ఆ రెండూ విడిపోకుండా చూడు అంది. అతను ఫోను చూసుకుంటూ సరే మేడం అన్నాడు. నిఖిలేష్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు అతన్ని తిట్టుకోవడం సులువయ్యేది.

ఆ ఏడు వేసవిలో, రెండో పంట దాళ్వా కోతలప్పుడు భాస్కరరెడ్డి గారు ఫోను చేశారు. అటువైపు మిల్లు రొద, దాని మీంచి ఆయన గొంతు.

"ఏవయ్యా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఓ మనిషి ఎల్లి బటన్ నొక్కాలంటే ఎలాగయ్యా? వాడు బీడీ పారేసి వచ్చేలోపల ధాన్యం రంగు తిరిగిపోతంది. వచ్చిన వెంటనే దానంతట అదే తిరిగేలా చేసెయ్."

కంపెనీ యజమాని చక్రధర్ గారు ఇవాళే చేసిచ్చెయ్ అన్నారు. నిఖిలేష్ ప్రోగ్రాం తెరిచి, వెతుక్కుంటూ నా దగ్గరకు వచ్చి ఆగాడు. నన్ను చదివాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి నన్ను చదివాడు, నా సంతోషం అంతా ఇంతా కాదు.

"సర్, నూకరాజు ఎవరండీ?"

"నాకేం తెలుసయ్యా. హైమ కవిత్వం అయ్యుంటుంది. తన కోడ్‌లో ఎవరూ వేలు పెట్టకూడదని బెదిరింపు. నువ్వు కానీ."

చెయ్యి పెట్టొద్దు అంటే మనవాళ్ళకు అదే అర్థం. జోక్యం చేసుకోకు, నా పనిలోకి రాకు. నాలో ఉన్నది నిజం చెయ్యి అని, దానికి అయిదు వేళ్ళున్నాయని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నిఖిలేష్ నా కింది వరస మార్చాడు. తర్వాత, ఉన్నమాట చెప్పాలి, నన్ను కూడా మార్చాడు. అతనికంటే పెద్ద ఇంజినీర్లు అది కూడా చెయ్యరు. కింద ఒకటి జరుగుతుంటే పైన నాలాంటివాళ్ళను ఇంకొకటి చెబుతూ వదిలేస్తారు. ఇతను నన్ను చెరిపి మళ్ళీ రాశాడు: 'కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతుంది. కస్టమర్ అడిగారు. మాన్యువల్ కూడా మార్చాలి, తర్వాత.'

నూకరాజు పేరు పోయింది. కానీ నేను చెప్పేది నిజమే, అక్షరం అబద్ధం లేదు. చిక్కల్లా ఆ చివరి మాటతోనే. తర్వాత అంటే ఆఫీసుల్లో ఏ వారంలోనూ రాని ఒక రోజు. ప్రోగ్రాం మార్చడానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు, అక్కణ్ణుంచే ప్యానెల్‌లోకి పంపేయొచ్చు. నా కవలను మార్చాలంటే అచ్చు వేయించాలి, ప్లాస్టిక్ పొర వేయించాలి, బస్సెక్కాలి, ఊకలో నడవాలి. ఇంకో మిల్లు పని వచ్చింది. ఆ పైన ఇంకొకటి. నిజం తెలిసిన నేను ఎవరూ తెరవని ఫైల్లో కూర్చున్నాను. అందరూ నమ్మే నా కవల మిల్లులో నిన్నటి మాటే చెబుతూ వేలాడింది. దానికీ నాకూ మధ్య ఒక మనిషి బస్సెక్కి రావాలి. ఎవరూ రాలేదు.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. కరెంటు పోయినప్పుడు నూకరాజు చెయ్యి పెట్టేవాడు, తీసేసేవాడు, ఆ మీదటే కరెంటు వచ్చేది. బటన్ ఎవరు నొక్కారని అతను అడిగి ఉండడు. నాలుగు వైపులా నలుగురు ఉంటారు, ఎవరో నొక్కారనుకునేవాడేమో. ఒకరోజు ఇంకో మిల్లు పనికి నమూనాగా నిఖిలేష్ నా ఫైలు తెరిచి ఉండగా మళ్ళీ ఫోను వచ్చింది. భాస్కరరెడ్డి గారి గొంతు వెనక ఈసారి మిల్లు రొద లేదు. మీ మిషను మా వోడి చెయ్యి లాగేసిందయ్యా అన్నారు. భుజందాకా అన్నారు. నిఖిలేష్ చూపు నా చివరి మాట మీదకు వెళ్ళింది. నాకు గొంతు లేనందుకు ఏనాడూ ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను.

చక్రధర్ గారు అడిగిన మొదటి ప్రశ్న అతను బతికున్నాడా అని కాదు. "గోడ మీద కాగితంలో ఏముంది?" అన్నారు. నిఖిలేష్ చెప్పాడు. ఆయన లేచి గది తలుపు వేశారు. "ప్రోగ్రాంలో ఉన్నట్టే కాగితం మార్చెయ్. పాత తేదీ వెయ్. ఇప్పుడే బయల్దేరు" అన్నారు.

చూశారా, ఇన్నాళ్ళూ జరగని పని ఆ పూట ఎంత చురుగ్గా జరిగిందో! అచ్చు, ప్లాస్టిక్ పొర, కారు కూడా. బస్సు కోసం చూసే పని లేకుండా పోయింది. కొత్త కాగితం పాతదిలా కనబడ్డానికి నిఖిలేష్ దాని మీద తవుడు రుద్దాడు. నా కవలను మేకు మీంచి తీసి మిల్లు బాయిలరు మంటలో వేశారు. ఆ పైన నా దగ్గరకు వచ్చాడు. 'తర్వాత' అన్న మాట ఒక్కటీ చెరిపితే చాలదనిపించిందేమో, నన్ను మొత్తంగా చెరిపేసి నా చోట శుభ్రమైన ఇంగ్లీషు వాక్యం ఒకటి పెట్టాడు. లోపలి మాట, బయటి మాట ఒక్కటయ్యాయి. హైమావతి ఎప్పుడూ కోరుకున్నట్టే.

ప్రోగ్రాముల్లో చెరిపిన మాటలు పూర్తిగా చావవు. ఎప్పుడు ఎవరు ఏది మార్చారో పాత ప్రతులన్నీ ఒకచోట దాచి ఉంటాయి. విరిగిన సామాను పెట్టే అటకలాంటి చోటు. ఇప్పుడు నేను ఉండేది అక్కడే. ఇవాళ్టి ప్రోగ్రాంకూ నాకూ మధ్య రెండు నొక్కుళ్ళంత దూరం. విచారణ రోజు మిల్లులో నిఖిలేష్ ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది. దాని అటక మీద నేనున్నాను.

ప్రమాదం సంగతి తేల్చడానికి ఫ్యాక్టరీల శాఖ నుంచి వచ్చిన ఆఫీసరు నిదానస్తుడు, అన్నీ ఓపిగ్గా రాసుకుంటున్నాడు. నూకరాజు వచ్చాడు. చొక్కా కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. పక్కన భార్య మరిడమ్మ, భుజం పట్టుకుని.

"కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుద్దని కాగితం మీదుందండి. నేనే అందరికీ చదివి చెప్పేవోణ్ణండి."

"ఏదీ, చదువు."

నూకరాజు కాగితం దగ్గరకు వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. "కరెంటు... రాగానే... మిషను... దానంతట... అదే..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదటికి వచ్చి చదివాడు. ఎడమ చేతి వేలు అక్షరాల కింద పెట్టి ఒక్కొక్కటే వెతికాడు. ఆ 'నే' ఎక్కడా లేదు.

"ఇది కాదండి బాబూ! మా ఇంట్లో కూడా చెప్పేవోడండి, నొక్కితేనే, నొక్కితేనే అని" అంది మరిడమ్మ. ఆఫీసరు పనివాళ్ళ వైపు చూశాడు. వాళ్ళందరూ రేపు మళ్ళీ అదే మిల్లులోకి రావాలి. నేల చూశారు.

ఆఫీసరు నిఖిలేష్ వైపు తిరిగాడు. "మీ ప్రోగ్రాంలో ఏముంది?" తెర తిప్పి చూపించాడు. ఆయన కాగితం చదివాడు, తెర చదివాడు. "సరిపోయింది" అన్నాడు. వెంటనే వదలలేదు. "ఇంతకుముందు ఏమైనా వేరేగా ఉండేదా?"

నిఖిలేష్ వేలు మౌస్ మీద ఉంది. రెండు నొక్కుళ్ళు. నొక్కు నాయనా అనుకున్నాను. నొక్కితే నేను మొత్తం బయటపడతాను, మొదటి రూపం, రెండో రూపం, తేదీలతో సహా. నూకరాజు చదువు అబద్ధం కాదని ఈ లోకంలో చెప్పగలిగేది నేనొక్కదాన్నే. చక్రధర్ గారు వెనకాలే నిలబడి ఉన్నారు. నిఖిలేష్ నూకరాజు ఖాళీ చొక్కా చేతి వైపు చూశాడు. చూసి, తల దించుకుని, "లేదండి. మొదట్నించీ ఇంతే" అన్నాడు.

కాగితం మీంచి వేలు తీసేసి నూకరాజు అన్నాడు.

"మరి నేనే సరిగ్గా చదవలేదేమోనండి. అయిదో తరగతి కదండి."

మరిడమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే ఆఫీసరు ఆ మాట రాసేసుకున్నాడు. తను రాసిన కాగితం ముందుకు జరిపి, సంతకం వచ్చా అని అడిగాడు.

"వచ్చేదండి."

"అయితే ఎడమ చేతి వేలిముద్ర వెయ్యి. ముందు ఏం రాశానో ఒకసారి చదువుకో."

"మీరే చదవండి బాబూ. నేను చదివితే తప్పు పోద్ది."

ఆఫీసరు చదివాడు. తప్పు నూకరాజుదేనని అందులో ఉంది. అతను ప్రతి వాక్యానికీ తల ఊపుతూ ఆఖరిదాకా విని, వేలు ఒత్తాడు.