నీళ్లలో ముఖం కనిపించేదాకా

…ఇప్పుడే పోయకూడదు, ఆవిరి ఇంకా దట్టంగా లేస్తోంది, నీళ్లలో మన ముఖం మనకు కనిపించేదాకా ఆగాలి, ముందే పోస్తే బార్లీ ఉడికి గంజవుతుంది, ఆలస్యం చేస్తే గింజలో తీపి దిగదు, అమ్మ చెప్పిన లెక్క అది, గుమ్మం బయట బల్ల మీద ఎవరు కూర్చున్నా సరే, రాణిగారే వచ్చి కూర్చున్నా సరే, బీరు కాచే మనిషి నీళ్ల మీంచి కళ్లు తిప్పకూడదు, అనుకుంటూ పెర్నెల్ గంగాళం మీదికి వంగి నిలబడింది కానీ కళ్లే నీళ్ల మీద ఉన్నాయి, చెవులు బయట బల్ల దగ్గరే ఉన్నాయి, అక్కడ బార్నబీ దగ్గుతున్నాడు, అయిదేళ్ల తరువాత వచ్చిన మొగుడు, మొగుడు అనొచ్చో లేదో కూడా తెలియని మొగుడు, మాట రాదని తెలిసినప్పుడల్లా ముందు దగ్గుతాడు, దగ్గుతో పాటు మాట కూడా జారి బయట పడుతుందేమోనని ఆశ, ఎప్పుడూ పడలేదు.

పొద్దున్నే వచ్చాడు, మోకాళ్ల దాకా బురద, చంకలో ఒక మూట, జుట్టు బాగా నెరిసింది, గుమ్మంలో నిలబడి ప… ప… అని మొదలుపెట్టాడు, పెర్నెల్ అనే ఆ ఒక్క పేరు పూర్తయ్యేలోపు ఆమె తెడ్డు కడిగింది, పొయ్యిలో కట్టె ఎగదోసింది, ఉప్పుచేప మీదికి వచ్చిన పిల్లిని తరిమింది, తరువాత కూడా ఒక్కొక్క మాటా కాల్లో ముల్లు తీసినట్టు తీశాడు, కొత్త రాణి ఎలిజబెత్ తనలాంటి పాస్టర్ల పెళ్లిళ్లకు ఒప్పుకుందట, కాకపోతే బిషపూ ఇద్దరు మేజిస్ట్రేట్లూ ముందు పెళ్లికూతుర్ని చూసి మంచిదేనని తేల్చాలట, ఏరవతల పట్నంలో వాళ్లు ఇవాళ కూర్చుంటున్నారట, తనకు ఎక్కడో ఉత్తరాన, స్కాట్లండ్ పొలిమేరలో ఒక చర్చి ఇచ్చారట, రేపే ప్రయాణం, వస్తే ఇద్దరం పోదాం పెర్నెల్, రాకపోతే ఇక ఇటు రాను, రావడానికి నాకు మొహం లేదు అన్నాడు, దానికి తనేమంది, సంతలో గొర్రెకు పళ్లు చూసినట్టు నాకూ చూస్తారా అంది, అయినా పెళ్లామే కానిదాన్ని మళ్లీ పెళ్లి చేసుకోవడమేమిటి, చర్చిలో నువ్వే కదా చెప్పావు అంది, అతను వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు, నీళ్లు సిద్ధమయ్యేదాకా ఉంటాను, పడవవాడు అందాకా ఆగుతానన్నాడు, అని మాత్రం చెప్పాడు, అదీ చాలాసేపు చెప్పాడు.

కంచె అవతల సిస్లీ బట్టలు ఆరేస్తోంది, ఉతికిన బట్టనే మళ్లీ మళ్లీ దులుపుతోంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది, ఏమే పెర్నెల్, రాణి మారినప్పుడల్లా నీ వేలికి ఉంగరం ఎక్కుతుంది, దిగుతుంది, ఆ వేలు అరిగిపోలేదుటే, అని అరిచి తనే నవ్వుకుంది, నీ మొగుడు ఊళ్లో గోడలన్నీ దూకాక గానీ ఇంటికి రాడు, నా సంగతి నీకెందుకే అని పెర్నెల్ కూడా అరిచింది, అరవడం బాగానే వస్తుంది తనకి, ఏ మాటైనా వస్తుంది, ఈ నోరు పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కడా ఆగింది లేదు.

ఆగింది అతనే, పెళ్లినాడు, పాస్టర్లు పెళ్లాడొచ్చన్న కుర్రరాజు ఎడ్వర్డ్ కాలంలో, చర్చి గోడల మీది బొమ్మలన్నిటికీ కొత్తగా సున్నం కొట్టిన వాసన ఇంకా పోలేదు, పాస్టరు పెళ్లాడడం ఊళ్లో అందరికీ వింతే, కిటికీల దాకా జనం, బార్నబీ అనే నేను, అన్నాడు, అక్కడిదాకా బాగానే వచ్చాడు, ప… ప… ప… దగ్గర ఆగిపోయాడు, ఉంగరం వేలికి సగంలో ఉండిపోయింది, చల్లగా తగిలింది, వెనక నుంచి ఎవడో కానివ్వవయ్యా, పిల్ల ముసలిదైపోతోంది అన్నాడు, చర్చంతా గొల్లుమంది, ఆమె కూడా నవ్వింది, కానీ వేలు చాచి అలాగే నిలబడింది, ఎంతసేపైనా నిలబడేది, అతని నుదుటి మీద చెమట చూస్తే ఇంత కష్టపడి తన పేరు ఎవరూ పలకలేదని అనిపించింది, ముద్దొచ్చింది. అసలు విచిత్రం, అంతకుముందు లాటిన్‌లో పాత పూజ పాడే రోజుల్లో అతనికి నత్తి ఉండేది కాదు, ధారగా పాడేవాడు, అదెలాగయ్యా అని అడిగితే అవి నా మాటలు కావుగా, ఎవరివో మాటలు వాటంతటవే పోతాయి, నా మాటైతేనే బండలా అడ్డం పడుతుంది, అని నవ్వేవాడు, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట, అది ఇంకా ఉందో లేదో, పొద్దున నవ్వలేదు, తను నవ్వనిస్తే కదా.

ఆవిరి కాస్త పలచబడింది, కానీ ముఖం ఇంకా కనిపించడం లేదు, ఏదో మచ్చలా ఉంది.

తరువాత కుర్రరాజు పోయాడు, అక్క మేరీ రాణి అయింది, గోడలకు కొట్టిన సున్నం గీకారు, పాత పూజ వచ్చింది, పోపు పెత్తనం వచ్చింది, వాటితో పాటు ఫాదరుకు పెళ్లాం ఉండకూడదన్న పాత నియమమూ వచ్చింది, రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా, నిన్నటిదాకా అమ్మగారూ, ఒక చెంబెడు బీరు పొయ్యండమ్మా అన్న నోళ్లే ఫాదరు ఉంచుకున్నది అనడం మొదలుపెట్టాయి, బిషపుగారి మనిషి గుర్రం దిగకుండానే చెప్పి పోయాడు, ఆదివారం నాడు ఉత్తకాళ్లతో, తెల్ల దుప్పటి కప్పుకుని, కొవ్వొత్తి పట్టుకుని ఊరందరి ముందూ నిలబడు, ఈ స్త్రీ నా భార్య కాదు, ఎన్నడూ కాలేదు, అని చెప్పు, చెబితే వేరే ఊళ్లో చర్చి ఇస్తాం, లేకపోతే జైలు. చె… చెప్పలేను పెర్నెల్ అన్నాడు బార్నబీ పొయ్యి ముందు కూర్చుని, చెబుతావు అంది తను, మాటేగా, రాణులు వస్తారు, పోతారు, మనం ఉంటాం, ముందు నువ్వు అక్కడ కుదురుకో, తరువాత వంటమనిషి కావాలని కబురు పెట్టు, నేను వస్తాను, ఎవడు అడుగుతాడు, కానీ నత్తిగా చెప్పావో మనసులో లేదని పసిగడతారు, మళ్లీ చెప్పిస్తారు, అంటూ తెడ్డు తీసి ఈ గంగాళం అంచు మీదే తాళం వేసింది, బార్లీ కలిపేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే వరసలో ఆ మాటలు పెట్టి నేర్పింది, ఈ స్త్రీ, టక్, నా భార్య, టక్, కాదు, టక్, ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ గొంతు పెంచాలో అంతా తనే చెప్పింది, బాగా వచ్చినప్పుడు ఇద్దరూ నవ్వారు కూడా, దేవుడా, నవ్వారు, దుప్పటి కూడా తనే ఉతికింది, వాళ్ల మంచం మీది దుప్పటే, బూడిదనీళ్లలో నానబెట్టి కంచె మీద ఆరేసింది, మాసిన దుప్పటి కప్పుకొచ్చాడని ఊళ్లోవాళ్లు నవ్వకూడదని.

ఇంతా చేసి ఆదివారం చర్చిలో తలవంచుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట ఆగుతాడని ఎదురుచూసింది, పెళ్లినాడు పేరు దగ్గర ఆగినవాడు కాదు అనే మాట దగ్గర ఆగడా, ఒక్కసారి ఆగితే చాలు, తరువాత చెప్పినా ఫరవాలేదు, చెవులు రిక్కించి కూర్చుంది, ఆగలేదు, ఈ స్త్రీ నా భార్య కాదు, ఎన్నడూ కాలేదు, గంట కొట్టినట్టు చెప్పాడు, వెనక వరసలో సిస్లీ కూడా అబ్బ, నత్తి పోయిందే అంది, కొవ్వొత్తి మైనం చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడింది, గొంతు మాత్రం వణకలేదు, ఆ గొంతే లోపల ఉండిపోయింది, వంట చేస్తున్నా వినిపించేది, పడుకున్నా వినిపించేది, రెండు నెలలకు ఒక బండివాడు వచ్చి ఫాదరుగారికి వంటమనిషి కావాలట, కూరలో ఉప్పు మరిచిపోయే మనిషే కావాలట, అని కన్నుగీటాడు, ఆ స్త్రీ ఆయన భార్య కాదు, ఎన్నడూ కాలేదు, వంటమనిషి అంతకంటే కాదు, పోయి చెప్పు అంది, మరుసటేడూ వచ్చాడు, మళ్లీ అదే చెప్పింది, చెప్పడానికి నోరు తడుముకోలేదు, బండి మలుపు తిరిగాక గోడకు ఆనుకుని ఏడ్చింది, అది ఎవరికీ తెలియదు.

బయట బల్ల కిర్రుమంది, లేచాడు, గుమ్మంలో నీడ పడింది, వ… వ… అన్నాడు, వస్తావా అనబోయాడో, వెళ్తాను అనబోయాడో, ఒకప్పుడైతే వేలు చాచి ఎంతసేపైనా ఆగేది, ఇప్పుడు తల కూడా ఎత్తలేదు, నీళ్లు చూసుకోవాలిగా, అతను ఆ మాట పూర్తి చెయ్యకుండానే వదిలేశాడు, అడుగుల చప్పుడు ఏటివైపు దిగిపోయింది, సరిగ్గా అప్పుడే ఆవిరి విడిపోయి నీళ్లలో ముఖం కనిపించింది, ఎవరిదీ ముఖం, ఇంత ముడుచుకుని, పెదవులు బిగించుకుని, అమ్మ ముఖంలా ఉంది, పొయ్యాలి, ఇప్పుడే పొయ్యాలి, బార్లీ బుట్ట పక్కనే ఉంది, చెయ్యి బుట్ట మీదికి పోలేదు, కాళ్లు గుమ్మం వైపు పోయాయి.

బల్ల మీద మూట వదిలేశాడు, విప్పితే దుప్పటి, ఆ దుప్పటే, శుభ్రంగా ఉతికి ఉంది, మైనం చుక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు, వేడినీళ్లలో ముంచితే పోతాయి, ఆ మాత్రం తెలియనివాడు కాదు, పోకుండా చన్నీళ్లలో ఉతుక్కున్నాడన్నమాట, అయిదేళ్లూ, దుప్పటి గుండెకు అదుముకుని ఏటివైపు దిబ్బ మీదికి పరుగెత్తింది, పడవ ఒడ్డు వదిలింది, అతను ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు, పిలవవే మొద్దూ అంది కంచె దగ్గర నుంచి సిస్లీ, ఈసారి నవ్వకుండా, పెర్నెల్ నోరు తెరిచింది, బ… అంది, రాలేదు, బ… బ…, గొంతులో ఏదో అడ్డం పడింది, బండలా, నుదుటి మీద చెమట పట్టింది, ఇదేమిటి, ఎప్పుడూ లేదే, చివరికి సిస్లీయే ఓ బార్నబీ అయ్యగారూ అని కేకపెట్టింది, ఆవిడకేం, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ పేరు, అతను తిరిగి చూశాడు, నోరు తెరుచుకుని నిలబడిన ఆమెను చూశాడు, పడవలో లేచి నిలబడ్డాడు, పిలవలేదు, చెయ్యి ఊపలేదు, మాట అడ్డం పడినవాళ్ల కోసం ఎలా ఆగాలో తెలిసినవాడిలా ఊరికే ఆగాడు, పడవ మాత్రం ఆగలేదు, వెనక గంగాళంలో నీళ్లు చల్లారిపోతున్నాయి, ఇక తీపి దిగదు, బ… బ… అంటూనే ఆమెకు తెలిసివచ్చింది, మనసులో ఉన్న మాటే ఇలా అడ్డం పడుతుంది, పెళ్లినాడు అడ్డం పడినదే బార్నబీ మాట, ఆ ఆదివారం చర్చిలో అంత ధారగా పోయినది అతనిది కాదు, తను తాళం వేసి నేర్పిన తన మాట, అయిదేళ్లూ తను అతన్ని వద్దనుకున్నది తన గొంతు విని.