ట్రిగ్గర్ తప్పా, వేలి తప్పా

ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ స్వతంత్రం అనుభవించింది వెల్డింగ్ గన్ను ట్రిగ్గరే. నొక్కితే పలకదు. మళ్ళీ నొక్కితే, ఆలోచించి చెబుతానన్నట్టు ఒకసారి చిటపటమని ఊరుకుంటుంది. విసుగొచ్చి వేలు తీసేస్తే, సరిగ్గా అప్పుడు పూనకం వచ్చినట్టు తీగను బారలకొద్దీ కక్కుతుంది. నిజానికి దాని పనెంత? వేలితో నొక్కినంతసేపు మెషీన్లోంచి తీగ రావాలి, ఇనుముకు తగిలి కరగాలి, రెండు ముక్కల్ని అతికించాలి. వేలు తీస్తే ఆగాలి. ఆ మాత్రానికే దానికి మూడ్ కుదరాలి.

దానితో కాపురం చేస్తున్న మనిషిని అందరూ కుట్టు మాస్టారు అనేవారు. బట్టలు కుట్టి కాదు. ఆయన అతికించిన గేటు మీద వెల్డింగు చార, మంచి దర్జీ మిషను మీద వేసిన కుట్టులా మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున ఉండేది. షెడ్డు అత్తగారిది. గేట్లు, కిటికీ ఊచలు, రెయిలింగులు చేసే ఆ షెడ్డును మామగారు పోయాక ఆవిడ ఇద్దరల్లుళ్ళ చేతిలో పెట్టింది. పెద్దల్లుడు మాస్టారు అతికిస్తాడు. చిన్నల్లుడు, అంటే మాస్టారి తోడల్లుడు, సామాను కొంటాడు. కొనడంలో అతనికో సిద్ధాంతం ఉంది: చౌకగా దొరికిన ప్రతి వస్తువూ మంచిదే, పాడైతే అది వాడినవాడి తప్పు.

ఆ సిద్ధాంతాన్ని అనుసరించి ఒక పెట్టెడు గన్నులు తెచ్చాడు. పెట్టె మీద కంపెనీ పేరు ఉండాల్సిన చోట పులి బొమ్మ ఉంది. పులి ఏ ఊరిదో ఎవరికీ తెలియదు.

"ట్రిగ్గర్ మళ్ళీ మొరాయించింది తమ్ముడూ," అన్నాడు మాస్టారు.

"నీది బండ చెయ్యన్నయ్యా. కాస్త మెల్లగా నొక్కాలి."

"మెల్లగా నొక్కితే పలకట్లేదు."

"మరీ అంత మెల్లగా కాదు."

గన్ను విప్పితే లోపల రెండు రాగి రేకులు నల్లగా మాడి కనిపించేవి. రుద్ది, ఊది, బిగిస్తే ఒక పూట బుద్ధిగా ఉండేది. కొత్త ట్రిగ్గర్ వేస్తే, తాను పాతదాని తోబుట్టువునేనని సాయంత్రానికల్లా రుజువు చేసుకునేది. చివరికి తోడల్లుడు బాగా ఆలోచించి శాశ్వత పరిష్కారం కనిపెట్టాడు. గోడకు ఒక అట్ట తగిలించాడు: 'ట్రిగ్గర్‌ను ప్రేమతో నొక్కండి.'

మాస్టారి చెయ్యి చెడిందన్న కబురు మాస్టారికంటే ముందే ఇల్లు చేరింది.

"మీ చేతికి పట్టు తప్పుతోందట కదా?" అంది భార్య, అన్నం వడ్డిస్తూ.

"ఎవరన్నారు?"

"మా చెల్లి. వాళ్ళాయన ఒకటే బాధపడుతున్నాడట పాపం."

"బాధపడక ఏం చేస్తాడు? ఊరుకుంటే, ఆ గన్నులు కొన్నదెవరో నలుగురికీ గుర్తొస్తుంది."

పైకి అలా అన్నాడు గానీ ఆ మాట జోరీగలా చెవిలో దూరింది. అన్నం తిని రిమోట్ నొక్కితే టీవీ రాలేదు. మాస్టారు వేలి వంక చూసుకున్నాడు. భార్య వచ్చి బ్యాటరీలు మార్చింది. టీవీ వచ్చింది, అనుమానం మాత్రం పోలేదు. పైగా ఈమధ్య పొద్దున్నే లేచేసరికి చూపుడు వేలు వంగినచోటే ఉండిపోతోంది. చలికేమో అని సరిపెట్టుకున్నాడు. బయట ఎండలు మండిపోతున్నాయి.

ఇలా ఉండగా ఒక కాంట్రాక్టరమ్మ కొత్త మేడ బాల్కనీలకు రెయిలింగులు చేయమంది. సగం పని అయ్యాక చూడటానికి వచ్చింది. ఊచల వెంట చెయ్యి పోనిచ్చి ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది.

"ఇక్కడ అతుకు తెగింది. ఇదిగో, ఇక్కడా. పిల్లలు ఆనుకునే చోటండీ ఇది."

తోడల్లుడు గొంతు తగ్గించాడు, షెడ్డంతా వినపడేంత మాత్రమే. "మా మాస్టారికి వయసు మీద పడిందండీ. పెద్దాయన, మేమేమనగలం చెప్పండి?"

ఆ పెద్దాయన అతనికంటే నాలుగేళ్ళే పెద్ద. మాస్టారు మాస్కు తీశాడు. చేతి తొడుగులు తీశాడు. గన్నుతో సహా అన్నీ తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"నువ్వు నొక్కు తమ్ముడూ. కుర్రాడివి. అట్ట మీద రాసుంది కదా, అలాగే నొక్కు."

కాంట్రాక్టరమ్మ చూస్తోంది. గుమ్మం దగ్గర కుర్చీలో అత్తగారు కూడా చూస్తోంది. తప్పించుకునే దారి లేక తోడల్లుడు మాస్కు పెట్టుకుని గన్ను పట్టాడు. నొక్కాడు. పలకలేదు. బతిమాలినట్టు నొక్కాడు. పళ్ళు బిగించి నొక్కాడు. ఏమైందోనని మాస్కు పైకెత్తి, గన్ను మూతిని మొహానికేసి తిప్పుకోబోయాడు. మాస్టారు ఒక్క ఉదుటున అతని మణికట్టు పట్టి కిందికి గుంజాడు.

సరిగ్గా అప్పుడు ట్రిగ్గర్‌కు మెలకువ వచ్చింది.

"కళ్ళు మూసుకోండి!" అని అరిచాడు మాస్టారు.

"వదిలేశానన్నయ్యా! నేను వదిలేశాను!" తోడల్లుడు వేలు గాల్లో ఆడిస్తూ గంతులేస్తున్నాడు. తీగ ఆగలేదు. ఇనుప పని బల్లకు ఆనించి ఉన్న ఇనుప స్టూలుకు తగిలి భగ్గుమంది. మాస్టారు పరుగెత్తి మెషీను ఆపేసేసరికి స్టూలు కాలు బల్ల కాలికి అతుక్కుపోయింది. ఎంత లాగినా ఊడలేదు. ఆ గన్ను పుట్టి బుద్ధెరిగాక వేసిన అతుకుల్లో వంక పెట్టలేనిది అదొక్కటే.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "చిన్నల్లుడుగారూ, మీకూ వయసు మీద పడిందా?"

పెద్ద కంపెనీ గన్ను మర్నాడే షెడ్డులోకి వచ్చింది. పులులన్నీ తుక్కులోకి పోయాయి. చేసిన రెయిలింగులన్నీ మళ్ళీ చేసిస్తామంటే కాంట్రాక్టరమ్మ సరేనంది.

మాస్టారు కొత్త గన్ను చేతిలోకి తీసుకున్నాడు. నొక్కీ నొక్కకముందే పలికింది. అతుకు వెన్నలా సాగింది. కూనిరాగం తీస్తూ ఒక ఊచ పూర్తిచేశాడు. రెండోది పూర్తిచేసి ట్రిగ్గర్ వదిలాడు. తీగ ఆగలేదు. చార చివర కరిగిన ఇనుము ముద్దగా పేరుకుంటుంటే గన్ను పక్కకు లాగి, "నువ్వూ ఆ జాతేనా?" అని కిందికి చూశాడు.

ట్రిగ్గర్ ఏ పాపమూ ఎరగదు. ఆయన వేలే దాన్ని నొక్కిపట్టి ఉంది. వదలమంటే వదలట్లేదు. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కున తెరుచుకుంది.

ఎవరూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఆయనకు తిట్టుకోవడానికి ఒక ట్రిగ్గర్, దానికి తోడు ఒక తోడల్లుడు ఉండేవాళ్ళు. కొత్త గన్ను ఆ ఆసరా కూడా లేకుండా చేసింది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. లోపలి స్ప్రింగు కొంచెం వంచితే చాలు, ఇదీ చెత్తదేనని రేపు నిక్షేపంగా చెప్పొచ్చు. గన్ను పిడి మరలు సగం విప్పాడు కూడా. ఎదురుగా గోడకు ఆనించిన రెయిలింగు కనిపించింది. పిల్లల ఎత్తుకు సరిగ్గా ఉంది. మరలు మళ్ళీ బిగించి, తోడల్లుడి దగ్గరికి నడిచాడు.

"నువ్వన్నదే నిజం తమ్ముడూ. చెయ్యే చెడింది."

గెలిచినవాడు ఎగిరి గంతేయాలి. తోడల్లుడి మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా అయింది. "ఏదో నోటికొచ్చింది అన్నాను గానీ... నిజంగానా అన్నయ్యా?" అంటూ ఆ వేలిని పట్టుకుని చూశాడు. చూసి, వెంటనే స్కూటర్ తీశాడు.

డాక్టరు వేలిని వంచి, తెరిచి, అరచేతిలో ఒకచోట నొక్కింది. మాస్టారు అబ్బా అన్నాడు.

"దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు," అంది డాక్టరు.

తోడల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దీనికి ఇంకో పేరేమీ లేదాండీ?" అని దీనంగా అడిగాడు చిన్నల్లుడు.

"పేరుదేముంది? వేలిని వంచే స్నాయువు వాచి, అది కదిలే దారిలో ఇరుక్కుంటోంది. గట్టిగా ఉండే మీట లాంటిదేదైనా పదేపదే బలంగా నొక్కుతుంటారా మీరు?"

తోడల్లుడు గోడ మీది అస్థిపంజరం బొమ్మలో ఎముకలను మహా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

ఇంజెక్షన్ ఇచ్చి, వేలికి పట్టీ కట్టి, కొన్నాళ్ళు గన్ను ముట్టుకోవద్దని, తగ్గిపోతుందని డాక్టరు చెప్పింది. రెయిలింగులకు బయటినుంచి ఒక వెల్డరును పిలిచారు. మాస్టారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, అత్తగారు కూడా పెట్టనన్ని వంకలు పెట్టాడు. వెల్డరు రెండుసార్లు వెళ్ళిపోతానన్నాడు. రెండుసార్లూ తోడల్లుడే టీ తాగించి బతిమాలి తీసుకొచ్చాడు.

కొత్త మేడకు బిగింపు పూర్తయిన రోజు తోడల్లుళ్ళిద్దరూ పై అంతస్తు బాల్కనీకి వెళ్ళారు. కింద రోడ్డు మీద జనం చీమల్లా ఉన్నారు.

"ఆనుకో," అన్నాడు మాస్టారు.

"నేనా?"

"మరి నేనా? నాకు వయసు మీద పడింది."

తోడల్లుడు ముందు చెయ్యి వేశాడు. ఊపి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒళ్ళంతా దాని మీద వేశాడు. రెయిలింగు కిక్కురుమనలేదు. మాస్టారు కూడా వచ్చి, పట్టీ కట్టిన వేలు తగలకుండా మోచేతులు ఆనించి, అతని పక్కన నిలబడ్డాడు.