బౌక్యె చదివిన తెర

నెదర్లాండ్స్‌లోని హార్లింగెన్‌లో పియానోలకు శ్రుతి సరిచేసే విట్సెకు పుట్టుకతోనే చూపు లేదు. ఊళ్లోని ప్రతి పియానో గురించీ పదకొండేళ్లుగా రాసుకున్నదంతా పాత కంప్యూటర్లోనే ఉంది. తెర మీది అక్షరాలను అది పైకి చదివి వినిపించేది.

మంగళవారం పొద్దున దాని ఫర్మ్‌వేర్‌ను, అంటే కంప్యూటరును నిద్రలేపే ప్రోగ్రామును, కొత్తదానికి మార్చాడు. యంత్రం ఆగి మళ్లీ మొదలైంది. ఫ్యాను తిరిగింది. మాట మాత్రం రాలేదు.

ఏం జరిగిందో అతనికి తెలిసిపోయింది. అతని డిస్కు పాత పద్ధతిలో, లెగసీలో, మొదలయ్యేది. కొత్త ఫర్మ్‌వేర్ సెట్టింగులన్నీ చెరిపేసి, కొత్త పద్ధతిలో వెతికి, ఏమీ దొరక్క ఆగిపోయింది. మెనూలో ఒక్క ఎంపిక మారిస్తే సరి. కానీ ఆ మెనూ మాట్లాడదు. బాణం మీట ఎన్నిసార్లు నొక్కాలో ఒకప్పుడు కంఠతా పెట్టుకున్నాడు గానీ, ఇప్పుడు వరస మారి ఉంటే?

పక్కింటి తలుపు తట్టాడు. నలభై ఏళ్లు చేపలు పొగబెట్టి అమ్మిన బౌక్యె ఇల్లు అది. నిరుడు వంతెన దగ్గర ఆమె అడక్కుండానే అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. అతను దాటాలనుకోలేదు, ఆ మాట గట్టిగానే అన్నాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

"బౌక్యెగారూ, ఆ రోజు దురుసుగా మాట్లాడాను. ఏమనుకోకండి. ఇవాళ మీ కళ్లతో పనిపడింది. కంప్యూటర్ తెర మీద ఏముందో చదివిపెట్టాలి."

ఆమె శాలువా తీసి కప్పుకుంది. "పద," అంది.

అతని కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాక బౌక్యె అసలు సంగతి బయటపెట్టింది. "ఇదంతా ఇంగ్లీషయ్యా. మన భాషే కూడబలుక్కుని చదువుతాను. బడిలో కంటే చేపల షెడ్డులోనే ఎక్కువ పెరిగాను."

"అక్షరాలు తెలుసుగా? ఒక్కొక్కటే చెప్పండి. కలుపుకోవడం నా పని."

"బి, ఓ, ఓ, టి."

"అదే. లోపలికి పోదాం."

పావుగంట అలా సాగింది. "ఎల్, ఈ, జి, ఏ, సి, వై" అన్నప్పుడు విట్సె ఎంటర్ నొక్కాడు.

"ఏం కాలేదు. ఆ వరస ఒక్కటే వెలిసిపోయినట్టుంది," అంది బౌక్యె.

విట్సెకు కారణం తట్టింది. "కొత్త పద్ధతికి ఒక కాపలా ఉంటుంది. అది ఉన్నంతసేపూ పాతదాన్ని రానివ్వదు. ఎస్‌తో మొదలయ్యేవి ఉన్నాయా?"

"మూడున్నాయి."

రెండోది సెక్యూర్ బూట్, ఆ కాపలాయే. దాన్ని ఆపాడు.

"వెలిసినదానికి రంగొచ్చిందయ్యా." ఆమె గొంతులో హుషారు వినబడింది.

లెగసీ ఎంచుకుని, మార్పులు భద్రపరిచే మీట నొక్కి, మళ్లీ ఎంటర్ మీదికి వేలు తెచ్చాడు.

"ఆగు. ఏదో అడుగుతోంది. వై, ఈ, ఎస్. పక్కన ఎన్, ఓ. ఎన్, ఓ మీదే వెలుగుంది."

విట్సె వేలు వెనక్కి తీసుకున్నాడు. నొక్కి ఉంటే చేసిందంతా పోయేది. ఎడమకు ఒకసారి జరిపి, అప్పుడు నొక్కాడు.

నిమిషం తర్వాత కంప్యూటర్ గబగబా మాట్లాడింది. విట్సె రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. బౌక్యె బల్ల మీద చల్లారిపోయిన అతని కాఫీ మళ్లీ వేడిచేసుకొచ్చింది.

"ఇక దీన్ని ఇలాగే ఉంచుతావా?"

"ఇవాళ్టికి. పాత పద్ధతి ఎన్నాళ్లో ఉండదు. శనివారం ఇందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి నకలు తీసి, అప్పుడు దీన్ని కొత్త పద్ధతికి మారుస్తా. ముందే చేయాల్సిన పని."

"పదింటికొస్తా."

శనివారం ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మరీ వచ్చింది. నకలుకే మూడు గంటలు పట్టింది. డిస్కును కొత్త పద్ధతికి మార్చాక మెనూలో లెగసీ తీసేసి, కాపలాను తిరిగి పెట్టారు. ఈసారి బౌక్యె కొన్ని మాటలు అక్షరాలు విడదీయకుండానే చదివింది. కంప్యూటర్ మొదటిసారికే మాట్లాడింది.

వెళ్లబోతూ ఆమె సంచిలోంచి ఒక కవరు తీసింది. మునిసిపాలిటీ నుంచి వచ్చి వారమైంది.

"నీ యంత్రం కాగితం మీదివి కూడా చదువుతుందా? కాస్త మెల్లగా?"

"చదువుతుంది. కూర్చోండి," అన్నాడు విట్సె.